ముందు మాస్టారి ఇంటికి వెళ్లండి

ప్రశ్న: మాది హైదరాబాద్, అత్తాపూర్. ఆరేళ్లుగా మా అపార్ట్‌మెంట్ సంఘానికి అధ్యక్షుణ్ణి. రెండేళ్ల క్రితం మా అమ్మ ఆపరేషన్ కోసం, నా చేతికి వచ్చిన మెయింటెనెన్స్ సొమ్ములోంచి 1,80,000 రూపాయలు ఎవరికీ చెప్పకుండా వాడుకుని, నాలుగు నెలల్లో తిరిగి జమ చేశాను. ఈలోగా లెక్క తేలక అందరూ కోశాధికారిని అనుమానించారు. ఆయన రిటైరైన మాస్టారు. అవమానంతో రాజీనామా చేశారు. నేను నోరు విప్పలేదు. మొన్న మా అబ్బాయి వాళ్లమ్మ పర్సులోంచి డబ్బు తీశాడు. వాణ్ణి గద్దించడానికి నాకు నోరు రాలేదు. నేను బయటపడితే లిఫ్టు, బోరు పనులు చూసేవారుండరు. మౌనంగా పదవి వదిలేస్తే చాలదా?

జవాబు: చాలదు. మీరు దిగిపోయినా మాస్టారి మీద పడిన అనుమానం అలాగే ఉండిపోతుంది.

1950లో నాగయ్య గారు నటించిన ‘బీదలపాట్లు’కు మూలమైన విక్టర్ హ్యూగో నవల 1862లో వెలువడింది. రొట్టె దొంగిలించి, పారిపోబోయి, మొత్తం పంతొమ్మిదేళ్లు జైల్లో మగ్గిన జీన్ వల్జీన్ అందులో పేరు మార్చుకుని ఒక ఊరికి మేయరు అవుతాడు. వల్జీన్ ఇతడేనని మరొక అమాయకుణ్ణి న్యాయస్థానంలో నిలబెట్టినప్పుడు, తాను వెళ్లిపోతే తనను నమ్ముకున్న కార్మికులు, ఊరు ఏమవుతారని రాత్రంతా తర్కించుకుంటాడు. మీ లిఫ్టు, బోరు మాట చదవగానే నాకు ఆ రాత్రే గుర్తుకొచ్చింది. ఆ తర్కంలో నిజం లేకపోలేదు, కానీ దాని మూల్యం వేరొకరు చెల్లిస్తున్నారు. చివరకు వల్జీన్ న్యాయస్థానానికి వెళ్లి తన పేరు తానే చెప్పుకుంటాడు. అమ్మ కోసం మీరు పడిన ఆరాటాన్ని నేను తేలిగ్గా చూడడం లేదు. సొమ్ము వాడుకోవడం కంటే మాస్టారు తల వంచుకుని వెళ్లిపోతుంటే చూస్తూ ఊరుకోవడమే మీ పెద్దరికాన్ని ఎక్కువగా తినేసిందని నా అభిప్రాయం.

నమ్మి అప్పగించిన సొమ్మును వాడుకోవడం, తిరిగి కట్టినా, చట్టం దృష్టిలో నేరం కావచ్చు కనుక ఈ వారమే ఒక న్యాయవాదిని కలవండి. అయితే దాన్ని వాయిదాకు సాకు చేసుకోకండి. ఆ వెంటనే మాస్టారి ఇంటికి వెళ్లి జరిగినదంతా చెప్పండి. ఆయన తలుపు వేసుకున్నా అది ఆయన హక్కు. క్షమించమని ఒత్తిడి చేయకండి.

తరువాత సర్వసభ్య సమావేశంలో, ఆయనకు ఇష్టమైతే ఆయన సమక్షంలోనే, తేదీలు, మొత్తం చదివి వినిపించి, రాజీనామా ఇవ్వండి. ‘లెక్కల్లో చిన్న పొరపాటు జరిగింది’ అనే మాట మాత్రం వాడవద్దు. అశ్వత్థామ చచ్చాడని గట్టిగా చెప్పి, ఏనుగు మాట మెల్లగా అన్నందుకే, అప్పటిదాకా నేలకు నాలుగు వేళ్ల ఎత్తున నడిచిన ధర్మరాజు రథం నేలకు దిగిపోయింది.

మాస్టారిని కలిసి వచ్చిన సాయంత్రమే అబ్బాయిని కూర్చోబెట్టండి. పర్సు సంగతి ఎత్తే ముందు మీ సంగతి చెప్పండి. వాడికి కోపం రావచ్చు, ఎదురు ప్రశ్నలూ వేయవచ్చు. మధ్యలో ఆపకుండా వినండి.