జామాయిల్ తోట వేస్తే పక్క పొలం బోరు ఎండుతుందా?

ప్రశ్న: మా పొలం పక్కనే జామాయిల్ వేస్తున్నారు. బోరు ఎండిపోతుందని మా నాన్నకు ఒకటే టెన్షన్. తోట వేసేవాళ్లేమో చెట్లుంటే నీళ్లు పెరుగుతాయి కదా అంటున్నారు. ఎవరి మాట నిజం?
- ఒక రైతు కొడుకు, ప్రకాశం జిల్లా

జవాబు: మీ నాన్నగారి భయం ఉత్తదేం కాదండీ. కాకపోతే దెబ్బ ఎంత అనేది చాలావరకు మీ నేల లోతును బట్టి, అంటే రాయి తగిలేదాకా పైన ఎంత మట్టి ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. ఇది గాలిమాట కాదు, మన పక్కనే కర్ణాటకలో కొలిచి చూసిన సంగతి.

1983లో తుమకూరు వైపు రైతులు జామాయిల్ మొక్కలు పీకేసేదాకా వెళ్లింది అక్కడి గొడవ. ఆ తర్వాత కర్ణాటక అటవీ శాఖ, మైసూర్ పేపర్ మిల్స్, బ్రిటన్ జలశాస్త్ర సంస్థ వాళ్లు కలిసి లెక్క తేల్చడానికి దిగారు. కాండంలోకి భారజలం (చెట్టు మామూలు నీళ్లలాగే లాగేసుకున్నా, పరీక్షలో గుర్తుపట్టగలిగే బరువైన నీరు) ఎక్కించి, కొమ్మలకు ప్లాస్టిక్ సంచులు కట్టి, ఆకులు వదిలిన ఆవిరి ఆ సంచుల్లో నీరుగా చేరితే దాన్ని పరీక్షించి, చెట్టు ఎంత తాగుతోందో పట్టుకున్నారు. శివమొగ్గ వైపు మూడు మీటర్ల లోతున్న నేలల్లో జామాయిల్ అక్కడి మామూలు అడవి కన్నా ఎక్కువేం తాగలేదు. కానీ ఆ రెండూ కురిసిన వానను దాదాపు మొత్తం తాగేశాయి, అంటే కిందికి ఇంకడానికి మిగిలింది దాదాపు లేదు. రాగి చేనైతే అందులో సగంతోనే సరిపెట్టుకుంది. బెంగళూరు దగ్గర హోసకోటెలో నేల ఎనిమిది మీటర్లకు పైగా లోతు, అక్కడ మూడు కరువేళ్లలో పడిన వాన 2100 మిల్లీమీటర్లు, చెట్లు వాడుకున్నది సుమారు 3400 అని లెక్క తేలింది. ఆ పైచిలుకంతా వేళ్లు ఏటికేడు లోతుకు దిగి, పాత పదునును తోడుకున్నదే!

అంటే జామాయిల్ పైపు వేసినట్టు మీ బోరులో నీళ్లు లాగదు, బోరులోకి చేరాల్సిన వాననీటిని దారిలోనే తాగేస్తుంది. అందుకే నష్టం మొదటి ఏడాది కనబడకపోవచ్చు.

అడవులు వద్దని నేననను, కొండవాలు మీద మట్టి కొట్టుకుపోకుండా ఆపేది అవే. వాగుల్ని నమ్ముకున్న మెట్ట ప్రాంతంలో కలప తోట వేసేటప్పుడు మాత్రం నీటి లెక్క చూసి తీరాలి. దక్షిణాఫ్రికా వాళ్లు వాగుల మీద ఏళ్ల తరబడి కొలతలు తీసి, 1972లోనే కలప తోటలకు పర్మిట్ పెట్టారు, 1998 నీటి చట్టంలో వాటిని వాగుల్లో నీరు తగ్గించే పనుల కింద చేర్చి లైసెన్సు తప్పనిసరి చేశారు. మనకూ అలాంటిది కావాలని గట్టిగా అడగాల్సిందే.

ఇప్పటికి మీరు చేయాల్సింది: బోరు వేసినప్పుడు రాయి ఎన్ని అడుగులకు తగిలిందో నాన్నగారిని అడగండి. పైన మట్టి లోతుగా ఉంటే, మీ గట్టు నుంచి వీలైనంత దూరం వదిలి మొక్కలు పెట్టమని ఇప్పుడే మాట్లాడుకోండి. బోరులో నీటిమట్టం ఏటా ఏప్రిల్‌లోనూ, వానలు వెనక్కి తగ్గాక నవంబరులోనూ కొలిచి రాసి పెట్టండి, చుట్టుపక్కల ఎన్ని మోటార్లు నడుస్తున్నాయో కూడా రాయండి, ఎందుకంటే మట్టం తగ్గితే అది తోట వల్లో, మిరప చేలకు తోడిన నీళ్ల వల్లో రేపు తేల్చుకోవాలి కదా.