ఆవిడ వద్దనలేదు కదా!

ప్రశ్న: నా వయసు 41. భార్య, తొమ్మిదేళ్ళ పాప ఉన్నారు. కాలేజీలో కలిసి చదువుకున్న నలుగురం చలికాలంలో ఒక వారం విదేశానికి స్కీయింగ్‌కి, అంటే మంచు వాలు మీద జారే ఆటకి, వెళ్తుంటాం. ఇల్లు, టికెట్లు, సామాను, అన్నీ నా ప్రాణస్నేహితుడొకడు చూసుకుంటాడు. అద్దె స్కీల ఫారం కూడా వాడే నింపుతాడు. పోయినేడు ఫ్రాన్స్‌లోని వాల్ తోరాన్స్ వెళ్ళాం. స్కీలు కట్టుకోవడం నాకది రెండోసారి. మూడోరోజు ‘ఎన్నాళ్ళురా ఈ పిల్లల వాలు మీద’ అంటూ వాడు నన్ను కష్టమైన రెడ్ రూటుకి తీసుకెళ్ళాడు. మబ్బు పట్టి ఏమీ కనపడలేదు. పడ్డాను. స్కీ ఊడలేదు. మోకాలు మెలిపడి ఏసీఎల్, అంటే మోకాలి లోపల ఎముకల్ని పట్టి ఉంచే లిగమెంటు, తెగింది. స్లెడ్జి మీద కిందికి దించారు. నాకు బీమా లేదు, ఆ బిల్లు వాడే కట్టాడు. తిరిగి ఇవ్వబోతే తీసుకోలేదు. ఇంట్లో మాత్రం రోడ్డు మీద ఐసుకి జారిపడ్డానని చెప్పాను. ఆపరేషనై పది నెలలైంది. ఈసారీ అక్కడికేనని వాడు నా వాటా అడ్వాన్సు కట్టేశాడు. ఈలోగా ఆ పాత బిల్లు మా ఆవిడ కంటపడింది. గొడవ చెయ్యలేదు. ‘మీకు వెళ్ళాలనుందా?’ అని మాత్రం అడిగింది. ఒళ్ళు మండి అరిచేశాను. అప్పటినుంచి ముభావంగా ఉంటోంది. స్నేహితులకి ‘మా ఆవిడ ఒప్పుకోవడం లేదు’ అని చెప్పాను. అందరూ గ్రూపులో ఒకటే వెక్కిరింపులు. ఆమెను ఎలా ఒప్పించాలి? మోకాలికి బ్రేస్ వేసుకుంటే స్కీయింగ్ చెయ్యొచ్చా?

జవాబు: రెండో ప్రశ్న ముందు తేల్చేద్దాం. మీకు ఆపరేషన్ చేసిన డాక్టరుని అడగండి. ఏసీఎల్ ఆపరేషన్ తర్వాత మోకాలు మెలితిరిగే ఆటలకు మామూలుగా కనీసం తొమ్మిది నెలలు ఆగమంటారు. ఆ తర్వాత కూడా క్యాలెండర్ చూసి వదిలేయరు. తొడ కండరం బలం రెండో కాలితో సమానంగా వచ్చిందా, ఒంటికాలి మీద గెంతి నిలదొక్కుకోగలరా అని పరీక్షించి చెబుతారు. ఆ బలం లేనప్పుడు బ్రేస్ మిమ్మల్ని కాపాడదు. దీని గురించి ఇంతకుమించి నన్నడగకండి.

ఇక మొదటిది. మీ ఆవిడను ఒప్పించే ఉపాయం నా దగ్గర లేదు. ఉన్నా చెప్పను. మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఆవిడ వద్దన్నట్టు ఎక్కడైనా ఉందేమోనని వెతికాను. లేదు. ఆవిడ అడిగింది ఒకే ఒక్క మాట, ‘మీకు వెళ్ళాలనుందా?’ అని. అది అభ్యంతరం ఎలా అయింది? ‘ఒప్పుకోవడం లేదు’ అనే మాట మీరు పుట్టించింది. మీరే తెచ్చి ఆవిడ నోట్లో పెట్టారు.

ఆ ప్రశ్న దగ్గర కాసేపు ఆగండి. మీరు మొదట మంచం మీద, ఆ తర్వాత కర్రల మీద ఉన్నప్పుడు మీకు సాక్సులు తొడిగింది ఎవరు? స్నానానికి కుర్చీ వేసింది, మెట్లెక్కేటప్పుడు వెనక నిలబడింది ఎవరు? రోడ్డు మీద జారిన మనిషికి చేస్తున్నాననుకునే చేసింది. ఆ బిల్లు చూశాక, పది నెలలు తనతో అబద్ధం చెప్పారని తెలిసింది. మరొకరైతే ‘నాతో ఎందుకు దాచారు?’ దగ్గర మొదలుపెట్టి తెల్లారేదాకా ఆపేవారు కాదు. అడిగే హక్కూ ఉంది. ఆవిడ తన బాధ పక్కన పెట్టి మీ మనసులో ఏముందో అడిగింది. మీ గుంపులో ఏ ఒక్కరూ ఇన్నేళ్ళలో మిమ్మల్ని అడగని ప్రశ్న అది. గొంతులో వెలక్కాయ పడ్డట్టయింది మీకు. అవునంటే అబద్ధం, కాదంటే స్నేహితుడికి ఫోన్ చెయ్యాలి. అందుకని అరిచారు. అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే ఇదే.

మీకు పేచీ ఉన్నది మీ స్నేహితుడితో. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, ఆయన ముందు మీరెలా ఉంటున్నారన్న దానితో.

ఉత్తరంలో మీరు ఆ ఫారం సంగతి ఒక్క వాక్యంలో దాటేశారు. నాకు మాత్రం కథంతా అక్కడే ఉందనిపించింది. అద్దె దుకాణంలో ఆ కాగితం ఎందుకు ఇస్తారో మీకు ఎవరైనా చెప్పారా? మీ బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు రాయాలి. చివర్లో మీరు ఎలాంటి స్కీయరో చెప్పాలి, నెమ్మదిగా జాగ్రత్తగా వెళ్ళేవారా, మధ్యరకమా, దూకుడుగా వెళ్ళేవారా అని. వీటన్నిటినీ కలిపి, బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగ్‌కి ఒక అంకె బిగిస్తారు. జాగ్రత్తపరుడని రాస్తే తక్కువ అంకె పెడతారు, పడ్డప్పుడు స్కీ తొందరగా ఊడిపోతుంది. దూకుడు మనిషని రాస్తే అంకె పెరుగుతుంది, స్కీ అంత తేలిగ్గా ఊడదు. స్కీయింగ్‌కి రెండోసారి వచ్చిన మీ పేరు పక్కన మీ స్నేహితుడు ఏం రాశాడో మీరు చూశారా? చూసి ఉండరు. ఆ అంకె వల్లే లిగమెంటు తెగిందని నేను అనను. బైండింగ్ కాలి ఎముక విరగకుండా చూడటానికి పుట్టిన సాధనం, అంకె సరిగ్గా ఉన్నా మోకాలి లిగమెంటును అది పూర్తిగా కాపాడలేదు. కానీ నలభై దాటిన మనిషి తనకెంత వచ్చో తను చెప్పుకోవాల్సిన గడి ఒకటుంటే, దాన్ని ఇంకొకరి చేతికిచ్చి పక్కన నిలబడ్డాడు. నాకు మింగుడుపడనిది అదీ.

తర్వాత జరిగిందంతా దాని కొనసాగింపే. ఫ్రాన్స్‌లో రంగులు తేలికైన దాంతో మొదలై గ్రీన్, బ్లూ, రెడ్, బ్లాక్ వరసలో ఉంటాయి. రెండోసారి వచ్చినవాడికి గ్రీన్, బ్లూ చాలు, వారమంతా అక్కడే తిరిగినా తక్కువేం కాదు. పైగా వాల్ తోరాన్స్ ఊరే 2300 మీటర్ల ఎత్తున ఉంది, చుట్టూ చెట్లుండవు. మబ్బు దిగితే నేలా ఆకాశం ఒకే తెలుపైపోయి ముందున్నది గుంటో గుట్టో తెలియదు. అలాంటి రోజు అనుభవం ఉన్నవాళ్ళే వేగం తగ్గించుకుంటారు. అంతర్జాతీయ స్కీ సమాఖ్య స్కీయర్ల కోసం పెట్టిన పది నియమాల్లో రెండోది ఇదే, తన సామర్థ్యానికీ వాతావరణానికీ తగ్గట్టు వెళ్ళాలని. ఆ నియమం మీ స్నేహితుడికి కాదు, మీకు. ఆయన మిమ్మల్ని తొయ్యలేదు. ‘నాకు రాదు, నేను రాను’ అనే రెండు మాటలు మీరు అనలేకపోయారు. మొహమాటం మీద మనవాళ్ళ దగ్గర ఓ ముతక సామెత ఉంది, ఇక్కడ రాయలేను గానీ మీకు తెలిసే ఉంటుంది.

నేనూ ఒకసారి, నలభై ఎనిమిదో ఏట, అమ్మాయి బలవంతం మీద ఆ బూట్లు వేసుకున్నాను. నేర్పిన కుర్రాడికి ఇరవై ఏళ్ళుంటాయేమో. మొదటి అరగంట ముందుకు వెళ్ళడం కాదు, పడటం నేర్పాడు. ఎటు పడాలి, పడ్డాక స్కీలు వాలుకి అడ్డంగా పెట్టి ఎలా లేవాలి అని. ఆ తర్వాత ముందు మొనలు దగ్గరగా, వెనకభాగం వెడల్పుగా పెట్టి ఆగడం. పక్కన నాలుగేళ్ళ పిల్లలు జుయ్యిమని పోతుంటే సిగ్గేసింది. సాయంత్రానికి ఆ సిగ్గు పోయింది. ‘ఇక చాలు’ అన్నాను, మా అమ్మాయి ‘సరే’ అంది. అంతే, ఎవరూ ఎవర్నీ వెక్కిరించలేదు. మీ నలుగురి మధ్య ఈ ‘సరే’ ఎందుకు లేదో మీరు ఆలోచించుకోవాలి.

బిల్లు సంగతి. ఫ్రాన్స్‌లో స్కీ వాలు మీద పడితే కిందికి తెచ్చే ఖర్చు మననే కట్టమంటారు. అందుకే లిఫ్టు పాసుతోపాటు రోజుకి కొద్ది యూరోలకి ‘కారే నేజ్’ అనే బీమా అమ్ముతారు. మీరు అది తీసుకోలేదు, అదీ ఆయనే చూసుకుంటాడనుకుని ఉంటారు. సరే, అయిపోయింది. కానీ ఆ డబ్బు ఈరోజుకీ మీ దగ్గరే ఉంది. ‘తీసుకోలేదు’ అని రాశారు. ఒకసారి చెయ్యి చాపితే వద్దన్నాడు, మీరు హమ్మయ్య అనుకున్నారు. అప్పటినుంచి ఆయన ఎక్కడికి రమ్మన్నా కాదనే అర్హత లేదన్న భావం మీలో పెరుగుతోంది. స్నేహంలో లెక్కలేమిటని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. లెక్క తేలని స్నేహంలో ఒకడు మెల్లగా పెద్దవాడవుతాడు, ఇంకొకడు చిన్నవాడవుతాడు. ఆయన ఖాతాలో ఆ మొత్తం వేసెయ్యండి. వెనక్కి పంపితే మళ్ళీ వెయ్యండి.

మీ స్నేహితుణ్ణి దుర్మార్గుడిగా చూపాలని నాకు లేదు. నలుగురికీ కలిపి ఇల్లు వెతికి, టికెట్లు తీసి, పడ్డవాడి బిల్లు కట్టేవాడు చెడ్డవాడు కాడు. కాకపోతే, అందరి తరఫునా నిర్ణయించడం అలవాటైన మనిషికి ఎవరూ ఎదురు చెప్పకపోతే, అందరికీ ఇష్టమేననుకుంటాడు. మీరు ఎప్పుడు చెప్పారు గనక?

వెళ్ళాలా మానాలా అన్నదానికంటే ముందు చెయ్యాల్సిన పని ఒకటుంది. ఆ గ్రూపులో మీ ఆవిడ మీద వెక్కిరింపులు నడుస్తున్నాయన్నారు. కొంగు పట్టుకు తిరిగేవాడని మిమ్మల్ని అంటుంటారు, అవునా? మీరు ఒక నవ్వు బొమ్మ పెట్టి ఊరుకుని ఉంటారు. నలుగురు మగవాళ్ళ మధ్య ఆవిడ ఇప్పుడు గయ్యాళి. రేపు వాళ్ళింట్లో ఏదైనా శుభకార్యానికి ఆవిడ మీ పక్కన నడిచి వెళ్తుంది, వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు, తను ఏం చేసిందో ఆవిడకు తెలియదు. భార్య మర్యాద నిలబెట్టడం భర్త చెయ్యాల్సిన మొదటి పనుల్లో ఒకటి. మీరు మీ మొహమాటానికి దాన్ని తాకట్టు పెట్టారు. ఈ ఉత్తరంలో నాకు నిజంగా కోపం తెప్పించింది అబద్ధం కూడా కాదు, ఇది. ‘మా ఆవిడ ఏమీ అనలేదు, ఆ మాట నేను కల్పించాను’ అని అదే గ్రూపులో, అందరూ చదివేలా, ఈరోజే రాయండి.

ఆ తర్వాత ఇంట్లో. పాప పడుకున్నాక ఆవిడ దగ్గర కూర్చుని మూడోరోజు ఉదయం నుంచి స్లెడ్జి దాకా జరిగింది జరిగినట్టు చెప్పండి. ‘నువ్వు కంగారుపడతావని దాచాను’ అనకండి. ఆవిడ కంగారు గురించి కాదు, ‘చేతకాకపోయినా వెళ్ళాడు’ అన్న మాట పడాల్సి వస్తుందని దాచారు. అదే చెప్పండి. ఆవిడ వెంటనే మెత్తబడుతుందని ఆశించకండి. రెండు మూడు వారాలు ఆవిడకు కోపంగా ఉండే హక్కుంది. ఆ కోపం తగ్గాక పర్మిషన్ అడుగుదామని లోపల లెక్క వేసుకుంటే మాత్రం అసలు చెప్పకండి. ఆవిడ కనిపెట్టేస్తుంది.

డబ్బు విషయం మరొకటి. అక్కడ చాలా ఇళ్ళు శనివారం నుంచి శనివారం దాకా, వారం మొత్తానికి అద్దెకిస్తారు. మీరు మానేస్తే మీ వాటా మిగతా ముగ్గురి నెత్తిన పడుతుంది. వెళ్ళినా మానినా అది మీరు కట్టాలి. ‘నన్నడక్కుండా అడ్వాన్సు కట్టాడు’ అంటారేమో, నిజమే, ఆ తప్పు ఆయనకు చెప్పండి. కానీ ఇన్నాళ్ళూ అలాగే కట్టినప్పుడు ఊరుకుని ఇప్పుడు ఆ మాట అంటే చెల్లదు. ఇకమీదట చెల్లుతుంది.

డాక్టరు సరేనంటే, మీకూ నిజంగా మనసుంటే వెళ్ళండి, నేనేం అడ్డం కాదు. కొండ మీదికి లిఫ్టులో వెళ్ళి, కాఫీ తాగి, కిందికి కూడా లిఫ్టులోనే రావచ్చు. అలా తిరిగేవాళ్ళకు వేరే పాసులు కూడా దొరుకుతాయి. స్కీలు కట్టుకోవాలనుంటే స్కీ స్కూల్లో పొద్దుటిపూట క్లాసుకి చేరండి, మీ గుంపుని సాయంత్రం కలవండి. ఫారం మీరే నింపండి, జాగ్రత్తపరుడని రాయండి, బీమా ముందే తీసుకోండి. మనసు లేకపోతే మానండి. దానికి కారణం వెతకొద్దు. మోకాలిని కూడా సాకుగా చెప్పకండి, వచ్చే ఏడు మోకాలు బాగుంటుంది, అప్పుడేం చెబుతారు?

మానాలనుకుంటే మీ స్నేహితుడికి ఫోన్ చెయ్యండి, మెసేజ్ కాదు. ‘రేయ్, ఈ ఏడు నేను రాను. నాకు రావాలని లేదు. నా వాటా, పోయినేటి బిల్లు నీ ఖాతాలో వేశాను’ అనండి. ‘ఆవిడేనా?’ అని తప్పకుండా అడుగుతాడు. ‘కాదు, నేనే’ అని ఆగండి. ఆ తర్వాత వచ్చే నిశ్శబ్దాన్ని నింపడానికి తొందరపడకండి, అక్కడే మీరు ప్రతిసారీ ఒప్పేసుకుంటున్నారు. విసురుగా ఫోన్ పెట్టేస్తే పెట్టెయ్యనివ్వండి. వారం రోజుల్లో ఆయనే చేస్తాడని నా అనుమానం. చెయ్యకపోతే నాకు మళ్ళీ రాయండి.