కాగితం మీద పెట్టేది, ముచ్చటకు పెట్టేది

బిడ్డా,

నిన్న రాత్రి నువ్వు ఫోన్లో చెప్పిందే ఇప్పటిదాకా మనసులో తిరుగుతోంది. రైతుల మీటింగుల కోసం కట్టిన మీ రైతు వేదికలో నలభై మంది కూర్చున్నారు, నువ్వు గంటసేపు పత్తి కాయను తొలిచే గులాబీ రంగు పురుగు గురించి మొదటి నుంచి చివరిదాకా చెప్పావు, ఆఖరుకు "ఏమైనా అనుమానాలు ఉన్నాయా" అని అడిగితే ఒక్కరూ నోరు మెదపలేదు, చాయ్ తాగి లేచిపోయారు. మర్నాడు అదే సంగతి వాట్సాప్‌లో పొడుగ్గా రాసి, కింద "మీ అభిప్రాయాలు చెప్పండి" అని పెడితే దండం బొమ్మలు తప్ప ఏమీ రాలేదు. "రైతులకు పట్టింపు లేదు పెద్దబాపూ" అన్నావు చూడు, ఆ మాట ఒక్కటి నేను ఒప్పుకోను. పట్టింపు లేనివాళ్లు చేను పని వదిలేసి గంటసేపు వచ్చి కూర్చోరు.

జరిగిందేమిటంటే, నువ్వు రెండు వేర్వేరు పనులను ఒకే సంచిలో వేశావు. నీకు తెలిసినదాన్ని, నువ్వు కళ్లతో చూసినదాన్ని పూర్తిగా చెప్పడం ఒక పని. దాని కింద నీ పేరు ఉంటుంది, తేదీ ఉంటుంది, తప్పు పోతే జవాబు చెప్పాల్సింది కూడా నువ్వే. నీకు తెలియనిదాన్ని నలుగురి మధ్య పెట్టి వాళ్ల నోటి నుంచి రాబట్టడం ఇంకో పని. దీన్నే మన దిక్కు ముచ్చట పెట్టడం అంటాం. ముచ్చట మొదలుపెట్టింది నువ్వే అయినా, మొదలైన తర్వాత అది అక్కడున్న అందరిదీ. గంటసేపు అన్నీ చెప్పేసి, చివర్లో ఒక నిమిషం ముచ్చటకు వదిలితే ఎవరు మాట్లాడతారు? అన్నీ నువ్వే చెప్పావు, ఇక వాళ్లకు మిగిలిందేముంది?

నేనూ సరిగ్గా ఇదే చేశాను. 1997లో, ఉద్యోగంలో చేరి మూడేళ్లయినప్పుడు, నర్సంపేట దిక్కు ఒక ఊళ్లో వేపచెట్టు కింద రైతులను కూర్చోబెట్టి పత్తిలో లద్దె పురుగు గురించి గంటకు పైగా చెప్పాను. ఏ మందు, ఎన్ని మిల్లీలీటర్లు, ఏ వేళ కొట్టాలి, అన్నీ. అందరూ తల ఊపారు. నేను స్కూటర్ స్టార్ట్ చేస్తుంటే ఒక ముసలాయన వెనకాలే వచ్చి, భుజం మీది తువ్వాల కొస ముడి విప్పి చూపించాడు. అందులో ఏడెనిమిది పురుగులు, లావుగా, ఒకదాని మీద ఒకటి పాకుతూ. "నిన్న మందు కొట్టిన చేనులయే సారూ ఇవి. నువ్వు చెప్పిన మందే. ఎట్ల మెసులుతున్నయో చూడు" అన్నాడు. మరి ఇందాక అందరి ముందు ఎందుకు చెప్పలేదని అడిగితే, "నువ్వు చెప్తున్నవు గద, నడుమల నేనేం మాట్లాడుదు" అన్నాడు. ఆ తువ్వాల ముడి గంటసేపు ఆయన భుజం మీదే ఉంది, నా కళ్ల ముందే. ఆ ఏడాది వానాకాలం పత్తి మన జిల్లాలో ఏమైందో, అప్పులు తీరక ఎంతమంది ఆ పురుగుమందే తాగారో నీకు తెలియదు, నువ్వు అప్పటికి పుట్టలేదు. నేను ముందే నోరు మూసుకుని "కొట్టిన మందు పనిచేస్తోందా" అని ఒక్క మాట అడిగి ఉంటే కనీసం ఆ ఊరివాళ్లయినా ఇంకో నాలుగు డబ్బాలకు అప్పు చేయకుండా ఆగేవాళ్లేమో. ఆ మాట ఇప్పటికీ నన్ను గుచ్చుతుంది.

అట్లని అన్నిటినీ ముచ్చటకు పెట్టకూడదు. ఆ దెబ్బతో నేను రెండో వైపు ఒరిగిపోయాను, అదీ తప్పే. తర్వాతి ఏడు ఇంకో ఊళ్లో, మందు మోతాదు గురించి "మీరే మాట్లాడుకోండి" అని వదిలేశాను. గుంపులో గట్టి గొంతున్న ఒక మందుల కొట్టాయన మూడు డబ్బాలు కలిపి కొడితే పురుగు మాయమవుతుందన్నాడు, నేను మర్యాదకు ఊరుకున్నాను. వారం తిరగకుండా ఒక రైతుకు రెండెకరాల చేను ఆకులు మాడి, పట్టుకుంటే పొడి అయ్యేలా తయారైంది. కొన్ని సంగతులకు తలా ఒక మాట పనికిరాదు. పత్తిలో 8 శాతం తేమ వరకు పూర్తి మద్దతు ధర, ఆపైన ఒక్కో శాతానికి కోత, 12 దాటితే ప్రభుత్వం తరఫున పత్తి కొనే సీసీఐ కొనదు. ఇందులో అభిప్రాయాలకు చోటెక్కడిది? ఇలాంటిది ఒక కాగితం మీద రాసి, సంతకం పెట్టి, వేదిక గోడకు అంటించు. ఎవరైనా అడిగితే వివరంగా చెప్పు, అంతే.

రాసేదాని సంగతి త్వరగా చెప్తాను, నీకు చదువు ఉంది కాబట్టి అది కష్టం కాదు. ఒక కాగితానికి ఒకటే విషయం. పైన "పత్తి రైతులకు సూచనలు" అని రాయకు, ఆ పేరుతో వంద కాగితాలు ఉంటాయి, ఎవరూ చదవరు. "విత్తిన 45 రోజులకు ఎకరానికి 4 లింగాకర్షక బుట్టలు ఎందుకు పెట్టాలి" అని రాయి. కింద, ఆడ పురుగు వాసన ఎరతో మగ రెక్కల పురుగులను పట్టే ఆ బుట్ట ఎంత ఎత్తులో కట్టాలి, ఎర ఎన్ని రోజులకు మార్చాలి, వరుసగా 3 రోజులు ఒక్కో బుట్టలో రోజుకు 8 రెక్కల పురుగులు పడితే మందుకు వేళయిందని, గుడ్డిపూలు, అంటే లోపల పురుగు చేరి రేకులు విప్పుకోని పూలు, కనబడితే తుంచి చేను బయట నాశనం చేయాలని, అంతవరకే. నీ సొంతంగా చూసింది ఉంటే ఏ ఊళ్లో, ఎర్రనేల చెల్కలోనా నల్లరేగడిలోనా, ఏ తేదీన అన్నది తప్పకుండా రాయి. పొరపాటు దొర్లితే ఆ కాగితం చింపేసి కొత్తది అంటించకు, కిందనే తేదీ వేసి "ఇది ఇట్లా మార్చుకోండి" అని రాయి. పాతది చూసిపోయినవాడికి మారిందని ఎట్లా తెలుస్తుంది మరి.

నీకు ఇబ్బందయ్యేది ముచ్చట దగ్గరే. అందుకే దాని గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, ఓపిగ్గా చదువు.

ముందు ప్రశ్న చిన్నదై ఉండాలి, రైతు తన చేను తలుచుకుని జవాబు చెప్పగలిగేదై ఉండాలి. "గులాబీ రంగు పురుగు మీద మీ అభిప్రాయం ఏమిటి" అంటే ఎవరికైనా పరీక్ష రాస్తున్నట్టే ఉంటుంది. "ఈ వారంలో మీ చేను గట్టు పక్క రెండు సాళ్లలో గుడ్డిపూలు ఎన్ని కనబడ్డయి" అని అడుగు, చూడు, చేతివేళ్లు లెక్కపెట్టుకోవడం మొదలవుతుంది. నువ్వు చూసింది రెండు మాటల్లో చెప్పు, అది దారి చూపడానికి మాత్రమే. తర్వాత ఊరుకో. ఊరుకోవడం చాలా కష్టం బిడ్డా, అర నిమిషం ఎవరూ మాట్లాడకపోతే నీకు టెన్షన్ వస్తుంది, నీ నోరే మళ్లీ తెరుచుకుంటుంది. తెరవకు. మొదటి మనిషి ఏదో ఒకటి అనగానే "కరెక్ట్" అనో "అట్లా కాదు" అనో తీర్పు కూడా చెప్పకు. నువ్వు తీర్పు చెప్పిన మరుక్షణం ముచ్చట ముగిసినట్టే, మిగతావాళ్లు మళ్లీ నీ పాఠం వినడానికి సర్దుకుని కూర్చుంటారు. "మీ దగ్గర ఎట్లున్నది" అని పక్కవాళ్ల వైపు తిరుగు.

స్టేజీ మీది కుర్చీ కిందికి దించుకో. సర్పంచో పెద్దమనిషో వస్తే దండం పెట్టి, "మీరు చివర్న చెప్పాలె, అందరివి విన్నంక" అని ముందే మర్యాదగా అనేయి, లేకపోతే ఆయన మాట్లాడాక ఇంకెవరూ మాట్లాడరు. ఆడవాళ్లు వెనక వరుసలో కూర్చుంటారు, పత్తి ఏరేది వాళ్లే, కాయ విప్పి లోపల పురుగును మొదట చూసేది వాళ్లే. వాళ్లను ముందు అడుగు. పొద్దున పదకొండుకు మీటింగ్ పెడితే వాళ్లు రాలేరు, ఆ టైముకు చేనులో ఉంటారు, సాయంత్రానికి మార్చు. మాట పురుగు మీద నుంచి బ్యాంకు అప్పు మీదికి పోతే కసురుకోకు, అదీ వాళ్ల బాధే కదా, నోట్‌బుక్‌లో వేరే పేజీలో రాసుకుని "దీనికి ఇంకో రోజు కూర్చుందాం" అని చెప్పి, నిజంగానే కూర్చో. పోయిన నెల మాట్లాడిన సంగతే మళ్లీ వస్తే కొత్తగా మొదలుపెట్టకు, పాత పేజీ తీసి చదివి వినిపించు, అక్కడి నుంచి ముందుకు సాగుతుంది.

నాకు ఇవన్నీ గట్టిగా అర్థమైంది 2021లో. మిరపకు నల్ల తామర పురుగు వచ్చింది, వరంగల్ నుంచి ఖమ్మం దాకా తోటలకు తోటలే పూత రాల్చేశాయి. మన దగ్గర అంతకుముందు చూడని పురుగు, నా దగ్గర చెప్పడానికి ఏమీ లేదు. "నాకు తెల్వదు, మీరు ఏం చూస్తున్నరో చెప్పుండ్రి" అని కూర్చున్నాను, ఉద్యోగంలో ఆ మాట అంత తేటగా అనడం అదే మొదలు. ఒకాయన పువ్వు తెచ్చి అరచేతిలో దులిపి చూపించాడు, నల్లగా, నువ్వు గింజ కంటే చిన్నగా, పువ్వుకు పదీ పదిహేను. ఇంకొకామె, మందు ఎక్కువ కొట్టిన తోటే ముందు పోయింది, పైసలు లేక కొట్టని పక్కతోట కొంత నిలబడింది అంది. ఆ మాటకు నేను ఉలిక్కిపడ్డాను. ఇష్టమొచ్చినట్టు మందులు మార్చి మార్చి కొడితే మేలు చేసే పురుగులు చచ్చి తామర పురుగు ఇంకా పెరుగుతుందని, యూరియా తగ్గించమని, నీలి రంగు జిగురు అట్టలు పెట్టమని శాస్త్రవేత్తలు తర్వాత చెప్పారు. ఆమె తన తోటను చూసి చెప్పింది.

ఆ రోజు నేను చేసిన మంచి పని ఒకటుంది, నువ్వూ చేయి. ఇంటికొచ్చి, ఎవరు ఏం చెప్పారో రాత్రికి రాత్రే రాసిపెట్టాను. ముచ్చట గాలికి పోతుంది, వారం దాటితే ఎవరు ఏమన్నారో గుర్తుండదు. దాన్ని ఒక కాగితంగా చేస్తే అప్పుడది మొదటి పనిలోకి వస్తుంది, నీ పేరు కింద, నీ బాధ్యత మీద. కాకపోతే వాళ్లను అడిగి, ఎవరి మాట పక్కన వాళ్ల పేరు రాయి. మన తెలంగాణలో కవులే లేరన్న మాటకు 1934లో సురవరం ప్రతాపరెడ్డి గారు ఎట్లా జవాబిచ్చారో తెలుసు కదా, ఒక్క వ్యాసంతో సరిపెట్టకుండా 354 మంది కవులను పేరుపేరునా ఒక్కచోట చేర్చి గోలకొండ కవుల సంచిక వేశారు. నేను హన్మకొండలో చదువుకునే రోజుల్లో లైబ్రరీలో ఆ పుస్తకం పేజీలు తిప్పుతూ పేర్లే చదువుకుంటూ కూర్చునేవాణ్ని. నీ కాగితం మీద తన పేరు చూసుకున్న రైతు వచ్చే మీటింగుకు ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకుని వస్తాడు, రాసిపెట్టుకో.

కాబట్టి ఈ మంగళవారం వేదికలో శాస్త్రవేత్తలు మాట్లాడే రైతు నేస్తం వీడియో అయిపోయాక నువ్వు మళ్లీ పాఠం మొదలుపెట్టకు, చెప్పాల్సింది వీడియోలో వాళ్లే చెప్పేస్తారు. బుట్టల కాగితం ముందురోజే గోడకు అంటించు. అందరినీ గుండ్రంగా కూర్చోమని, గుడ్డిపూల ప్రశ్న ఒక్కటి అడిగి, పెన్ను పట్టుకుని ఊరుకో. చెల్కల వాళ్లది ఒక పేజీ, రేగడి వాళ్లది ఒక పేజీ రాసుకో. ఆ రోజు నలుగురే మాట్లాడినా దిగులు పడకు, నలుగురి మాట రాసుకుని రా.

సద్దుల బతుకమ్మకు ఇంటికి వస్తావు కదా, ఆ నోట్‌బుక్ బ్యాగులో వేసుకో. మీ పెద్దమ్మ సత్తుపిండి చేస్తానంటోంది. మీరు పూలు పేర్చేలోపు రేగడి వాళ్లు ఏమన్నారో నేను కూర్చుని చదువుతాను.

మీ పెద్దబాపు