గోడ అవతల నీళ్లుంటాయి

చిట్టీ,

ఆ పాత ఇంజన్ హెడ్ (సిలిండర్ల మీది మూత) దింపేశావట, దాని పోర్టులు, అంటే గాలీ పొగా వెళ్లే దారులు, ఇంట్లోనే నువ్వే గ్రైండ్ చేస్తానంటున్నావట. నిన్ను వద్దనమని చెప్పడానికే మీ అమ్మ నాకు ఫోన్ చేసింది. నాకైతే ఆ మాట వినగానే గర్వంగా అనిపించింది. పడుకున్నాక మాత్రం టెన్షన్ మొదలైంది. వద్దనను గానీ, ఇది మొత్తం చదివాకే గ్రైండర్ పట్టుకో.

తేలికైనవి ముందు చెప్పేస్తాను. హెడ్ శుభ్రంగా కడిగించు. ఏ వాల్వు ఏ సిలిండర్‌దో గుర్తు పెట్టుకో. డై పెనెట్రెంట్ (పగుళ్లను పట్టిచ్చే రంగు) కొట్టి, వాల్వులు ఆనే రెండు సీట్ల మధ్య సన్నటి చోట పగులుందేమో చూడు, పోత ఇనుప హెడ్లు ఎక్కువగా అక్కడే పగులుతాయి. బర్ (గ్రైండర్‌కి బిగించే పళ్ల ముక్క) డబుల్ కట్ కార్బైడ్‌ది తీసుకో. అల్యూమినియానికి వాడే పెద్ద పళ్లది దీనికి పనికిరాదు. నూనె వెయ్యకు, ఆ ఇనుములో గ్రాఫైట్ ఉంటుంది కాబట్టి పొడిగానే తెగుతుంది. స్పీడు తగ్గించుకునే వీలున్న గ్రైండరే వాడు. పొడవాటి కాడ ఉన్న బర్‌ని బయట గాల్లో ఫుల్ స్పీడుకి తిప్పావంటే కాడ వంగి మీదికొస్తుంది. ముందు పోర్టు లోపల పెట్టి, ఆ తర్వాత నెమ్మదిగా స్పీడు పెంచు.

కళ్ల విషయంలో మాత్రం నేను చాదస్తంగానే చెప్తాను. అద్దాలు పెట్టుకుంటే చాలదు తల్లీ. ముఖానికి ఆనుకునే గాగుల్స్, దాని మీద ఫేస్ షీల్డ్, రెండూ ఉండాలి. ఇనుప రవ్వ కంట్లో దిగితే అక్కడే తుప్పు పడుతుంది, చుట్టూ వలయంలా మరక కడుతుంది. నలిపితే ఇంకా లోపలికి పోతుంది. ఏ మాత్రం గుచ్చుకున్నట్టున్నా ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లు, తెల్లారేదాకా చూద్దాం అనుకోకు. పని అయ్యాక షీల్డ్ తీసేటప్పుడు తల ముందుకు వంచి తియ్యి, నుదుటి మీద పేరుకున్న పొడి అప్పుడే కళ్లలో రాలుతుంది. ఆ నల్ల పొడి ఊపిరితిత్తుల్లోకి పోకుండా మంచి మాస్కు పెట్టుకో. జడ ముడేసి టోపీలో పెట్టు. చున్నీ, వదులు చేతులు, గుడ్డ గ్లోవ్స్ అసలే వద్దు.

గ్యాస్కెట్ (అతుకు మధ్య పెట్టే పల్చటి పట్టీ) పెట్టి పోర్టు నోరు చుట్టూ అప్పుడే గీత గీశావట! ఎవరు చెప్పారే నీకు? గ్యాస్కెట్ రంధ్రం అంత ఉంది కదా అని పోర్టును అంత చేస్తే గాలి వేగం పడిపోతుంది, తక్కువ ఆర్‌పీఎంలో బండి లాగదు. నోటి దగ్గర మ్యానిఫోల్డుకీ (హెడ్‌కి బిగించే గొట్టాలు) పోర్టుకీ మధ్య మెట్టు లేకుండా చూసుకుంటే చాలు. అసలు లాభమంతా వాల్వు చుట్టుపక్కల ఒక అంగుళంలోనే ఉంటుంది. సీటు కింద బౌల్‌లో, అంటే ఆ గిన్నెలాంటి చోట, పోతపోసినప్పటి అంచులు మిగిలి ఉంటాయి, వాటిని తీసి నున్నగా కలుపు. గైడ్ (వాల్వు కాడ కదిలే గొట్టం) చుట్టూ ఉన్న దిమ్మెను రెండు పక్కలా సన్నం చెయ్యి. ఎగ్జాస్ట్ గైడ్‌ని మాత్రం పొట్టి చెయ్యకు, వాల్వు వేడి కొంత దాని గుండానే బయటికి పోవాలి. గాలి లోపలికొచ్చే ఇన్‌టేక్ పోర్టుకి 80 గ్రిట్ గరుకు కాగితం చాలు, మెరవాల్సిన పనిలేదు.

ఇక షార్ట్ టర్న్, అంటే పోర్టు నేల సీటు వైపు తిరిగే మలుపు. దీని గురించి మీ నాన్న నీకు చెప్పి ఉండడు. చెప్పనా అని నిన్న అడిగితే, "చెప్పు బావా, దానికి తెలియాలి" అన్నాడు.

నువ్వు పుట్టకముందు మేమిద్దరం ఒకే షెడ్డులో పనిచేసేవాళ్లం. మీ నాన్న చెయ్యి నాకంటే నిదానం, పని నాకంటే శుభ్రం. ఒక హెడ్‌లో ఆ మలుపు గాలికి అడ్డమనుకుని నేలను దించుతూ పోయాడు. నిజానికి గాలి ఆ మలుపును పట్టుకునే తిరగాలి. దాన్ని కోసేసి కోణం చేస్తే గాలి అక్కడ నేలను వదిలేసి సుడి తిరుగుతుంది. అప్పట్లో మాకది తెలియదు. మూడు పోర్టులు బాగానే వచ్చాయి. పోతపోసేటప్పుడు లోపలి ఖాళీ కోసం పెట్టే ఇసుక అచ్చు, అంటే కోర్, కొంచెం జరుగుతుంది చూడు, అలా జరిగితే పైకి అన్ని పోర్టులూ ఒకేలా కనిపిస్తాయి గానీ గోడ మందం మాత్రం దేనికదే. నాలుగో పోర్టుకు చిల్లు పడలేదు. పడి ఉంటే అక్కడే ఆగిపోయేవాళ్లం. తర్వాత కోసి చూస్తే ఆ చోట అర మిల్లీమీటరు ఇనుము కూడా లేదు, దాని అవతలే వాటర్ జాకెట్, అంటే ఇంజన్‌ని చల్లబరిచే నీళ్ల దారి.

ఇంజన్ కట్టాం, కొన్నాళ్లు చక్కగా నడిచింది. వేడెక్కుతూ చల్లారుతూ ఆ పల్చటి గోడ చీరుకుపోయింది. ఒక రాత్రి ఇంజన్ ఆపాక, ఇంకా ప్రెషర్ మీదున్న నీళ్లు పోర్టులోకి కారి, తెరుచుకుని ఉన్న వాల్వు గుండా సిలిండర్‌లో చేరాయి. పొద్దున మీ నాన్న సెల్ఫ్ కొట్టాడు. ఒక సిలిండర్ అందుకుంది, వెంటనే ఠంగుమని ఆగిపోయింది. గాలి అయితే నొక్కుకుంటుంది గానీ నీళ్లు నొక్కుకోవు కదా, కనెక్టింగ్ రాడ్ వంగిపోయింది. వెల్డింగ్ చేయిద్దామంటే పోత ఇనుముతో ఆ పని కష్టం. హెడ్ మొత్తం బాగా కాల్చి, వెల్డ్ చేసి, చాలా నిదానంగా చల్లార్చాలి, లేకపోతే వెల్డు పక్కనే మళ్లీ పగులుతుంది. అంత లోపలికి వెల్డింగ్ రాడ్డు అందనే అందదు. హెడ్ పోయింది. హెడ్ పోతే పోయింది, మీ నాన్న ఆ తర్వాత చాలాకాలం గ్రైండర్ ముట్టుకోలేదు. అంత మంచి చెయ్యి ఖాళీగా కూర్చుంటే చూడలేకపోయాను. నీకు అలా జరగకూడదనే నా భయమంతా.

అందుకని ముందు అదే కాస్టింగ్ నంబరున్న (పోతలోనే హెడ్ మీద పడే నంబరు) పాడైపోయిన హెడ్ ఒకటి సంపాదించు. దాన్ని పోర్టుల మీదుగా బ్యాండ్‌సాతో అడ్డంగా కోయించి, గోడ ఎక్కడ మందంగా ఉందో, ఎక్కడ లేదో కొలిచి రాసుకో. కోర్ జరుగుతుందని చెప్పాను కదా, ఆ లెక్క నీ హెడ్‌కి అచ్చంగా సరిపోతుందని నమ్మకు. షార్ట్ టర్న్‌ని గరుకు కాగితంతో నున్నగా చెయ్యి, అంతే, కిందికి దించకు. పని అయ్యాక నీళ్ల దారులన్నీ రబ్బరు, ప్లేట్లతో మూయించి, లోపల గాలి ప్రెషర్ పెట్టి, హెడ్‌ని వేడినీళ్ల తొట్టెలో ముంచి బుడగలు వస్తున్నాయేమో చూడమను. మెషిన్‌షాపు వాళ్లు చేస్తారు. ఆ టెస్టు లేకుండా ఇంజన్ కట్టడానికి నేను ఒప్పుకోను.

సీట్లు 30, 45, 60 డిగ్రీల్లో వాళ్ల చేతే కోయించు. ఛాంబర్ల (హెడ్‌లో మంట మండే గుంటలు) మీద అక్రిలిక్ పలక పెట్టి, బ్యూరెట్‌తో (గీతలున్న కొలత గొట్టం) నీళ్లు పోసి కొలువు, అన్నీ ఒకేలా రావాలి. ఛాంబర్లను ఉత్తినే గోకకు. 400 సీసీ సిలిండర్‌కి పైన మిగిలే చోటు మొత్తం 50 సీసీ అయితే కంప్రెషన్ నిష్పత్తి 9, దాన్ని 53 చేశావంటే 8.55కి పడిపోతుంది. కొలవగానే హెడ్ తుడిచి ఆరబెట్టు, గంటలో తుప్పు పట్టేస్తుంది.

ఆదివారం ఫోన్ చెయ్యి. కోసిన హెడ్ కొలతలు రాసిన కాగితం దగ్గర పెట్టుకో, ఒక్కో పోర్టు గురించి మాట్లాడుకుందాం. మీ నాన్నని కూడా పక్కన కూర్చోబెట్టుకో.

మీ మామయ్య