ఐపీఎస్ కణాల్ని ఎంబ్రయానిక్ కణాలతో పోల్చాలంటే: సింధుకి బాబాయ్ రాసేది

చి. సింధూ,

పీహెచ్‌డీలో ఐపీఎస్ కణాల్నీ (మామూలు కణాల్ని వెనక్కి తిప్పి మూలకణాలుగా మార్చినవి) ఎంబ్రయానిక్ మూలకణాల్నీ (పిండం నుంచి తీసినవి) పక్కపక్కన పెట్టి చూస్తానని రాశావు, చాలా సంతోషం. కానీ "రెండిట్లో ఏది మేలు" అనే ప్రశ్నతో మాత్రం మొదలుపెట్టకమ్మా. అలా మొదలుపెట్టి, ఒక లైన్ (ఒకే మూలం నుంచి పెంచుకుంటూ వచ్చే కణాల వరస) ఇటు ఒక లైన్ అటు పెట్టుకుని, కనిపించిన ప్రతి తేడానీ రీప్రోగ్రామింగ్ (మామూలు కణాన్ని మూలకణంగా మార్చడం) ఖాతాలో వేసేసిన వాళ్లని చాలామందిని చూశాను.

1998లో విస్కాన్సిన్‌లో జేమ్స్ థామ్సన్ వాళ్లు ఐవీఎఫ్ పిండాల నుంచి తీసిన హెచ్1, హెచ్9 లైన్లనే ఇప్పటికీ ప్రపంచమంతా కొలబద్దగా వాడుతోంది. 2006లో క్యోటోలో తకహషి, యమనక కలిసి ఎలుక ఫైబ్రోబ్లాస్టుల్లోకి (చర్మం లాంటి చోట్ల ఉండే మామూలు కణాలు) ఆక్ట్4, సాక్స్2, కెఎల్ఎఫ్4, సి-మిక్ అనే నాలుగు జన్యువుల్ని పంపి వాటిని మూలకణాల్లా మార్చారు, మరుసటి ఏడాదే మనిషి కణాలతోనూ అదే చేసి చూపించారు. ఇదంతా నీకు తెలిసిందే. గొడవ ఆ తర్వాత మొదలైంది.

2009 నుంచి 2011 దాకా వచ్చిన పేపర్లు వరసగా చదివితే టెన్షన్ వస్తుంది. జన్యువుల పనితీరులో తేడాలన్నారు, మిథైలేషన్‌లో (డీఎన్ఏ మీద ఉండే రసాయన గుర్తుల్లో) తేడాలన్నారు. రక్తకణం నుంచి చేసిన ఎలుక ఐపీఎస్ మళ్లీ రక్తం వైపే తేలిగ్గా వెళ్తోందనీ, అంటే పాత కణం గుర్తులు ఇంకా పోలేదనీ 2010లో చూపించారు, పాసేజ్‌లు (కణాల్ని కొత్త ప్లేటులోకి మార్చిన విడతలు) పెరిగేకొద్దీ ఆ గుర్తులు చాలావరకు చెరిగిపోతాయని అదే ఏడాది ఇంకో పేపర్ చెప్పింది. 2011లో 22 మానవ ఐపీఎస్ లైన్లు పరిశీలిస్తే, చూసినంత మేర ఒక్కోదానిలో సగటున ఐదు మ్యుటేషన్లు దొరికాయి. అందరూ హడలిపోయారు. కానీ వాటిలో కనీసం సగం దాత ఇచ్చిన ఫైబ్రోబ్లాస్టుల్లో కొద్దికొద్దిగా ముందే ఉన్నాయని అదే పేపర్లో ఉంది, దాన్ని మాత్రం ఎవరూ పెద్దగా చెప్పుకోలేదు.

నువ్వు కూర్చుని నిదానంగా చదవాల్సింది 2015 నాటి పేపర్. వాళ్లు ఎంబ్రయానిక్ కణాల్నే తీసుకుని, వాటిని ఫైబ్రోబ్లాస్టులుగా మార్చి, ఆ ఫైబ్రోబ్లాస్టుల్ని మళ్లీ ఐపీఎస్‌గా మార్చి, అప్పుడు అసలు తల్లి లైన్‌తో పోల్చారు. డీఎన్ఏ ఒక్కటే, మధ్యలో రీప్రోగ్రామింగ్ ఒక్కటే జరిగింది. అప్పటిదాకా అనుకున్న తేడాలు దాదాపు కనిపించకుండా పోయాయి! ఎంత చక్కటి ఆలోచనో చూడు. తర్వాత 2017లో బ్రిటన్ వాళ్లు వందల ఐపీఎస్ లైన్లు చూసి, లైన్ల మధ్య తేడాల్లో 5 నుంచి 46 శాతం దాతలు వేరువేరు మనుషులు కావడం వల్లే వస్తోందని తేల్చారు. కాబట్టి ఒక దాత నుంచి పది క్లోన్లు (ఒక్కో కణం నుంచి పెరిగిన లైన్లు) తీసేకంటే, ఐదుగురు దాతల నుంచి రెండేసి తీసుకో.

హెచ్1 మగ లైన్, హెచ్9 ఆడ లైన్. హెచ్1ని ఒక స్త్రీ ఐపీఎస్‌తో పోల్చి తేడా దొరికిందంటే అది ఎక్స్ క్రోమోజోమ్ తేడా కావచ్చు. ఆడ లైన్లలో పాసేజ్‌లు గడిచేకొద్దీ ఒక ఎక్స్‌ని మూసి ఉంచే ఎగ్జిస్ట్ అనే ఆర్ఎన్ఏ తగ్గిపోయి, మూతపడిన ఎక్స్ మీది జన్యువులు కొన్ని మళ్లీ తెరుచుకుంటాయి, అందుకే దాన్ని ముందే చూసుకోవాలి. కారియోటైప్ (క్రోమోజోమ్‌ల పరీక్ష) నార్మల్ అని రిపోర్ట్ వచ్చిందని నిశ్చింతగా కూర్చోకు. 20వ క్రోమోజోమ్ పొడవాటి భుజం మీద వచ్చే చిన్న డూప్లికేషన్ జి-బ్యాండింగ్‌కి (ఆ పరీక్షలో క్రోమోజోమ్‌లకి రంగు వేసి చూసే పద్ధతి) తరచూ చిక్కదు, అది రెండు రకాల కణాల్లోనూ వస్తుంది, వచ్చిన కణాలు చావకుండా మిగతావాటిని తోసేసి ప్లేటంతా నిండిపోతాయి. దానికి విడిగా క్యూపీసీఆర్ (డీఎన్ఏ ముక్క ఎన్ని కాపీలుందో కొలిచే పరీక్ష) పెట్టు.

ఇక రోజువారీ పని. మీడియా (కణాలు పెరిగే ద్రవం), కోటింగ్ (ప్లేటు అడుగున పూసే పొర), బ్యాచ్ నంబర్, పాసేజ్ అన్నీ రెండు వైపులా ఒకటే ఉండాలి. ఆ నాలుగు జన్యువుల్ని సెండాయ్ వైరస్‌తో కణంలోకి పంపి చేసిన లైన్ అయితే వైరస్ పూర్తిగా పోయిందని రుజువు చేసుకున్నాకే మొదలుపెట్టు. రోజూ మైక్రోస్కోప్ కింద కాలనీ చూసేటప్పుడు అంచు మీద కన్నుంచు. మంచి కాలనీ చదునుగా, అంచు గీత గీసినట్టుగా ఉంటుంది, కణాలు ఒకదానికొకటి అతుక్కుని, న్యూక్లియస్ పెద్దగా, లోపలి న్యూక్లియోలస్ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అంచు చెదిరి కణాలు సాగిపోయి బయటికి పాకుతున్నాయంటే అవి డిఫరెన్షియేట్ అవుతున్నాయి (మూలకణం గుణం పోయి వేరే కణాలుగా మారుతున్నాయి), ఆ ముక్కని పిపెట్ టిప్‌తో గీరి పారెయ్, బద్ధకించకు. మైకోప్లాస్మా (కణాల్లో తెలియకుండా చేరే బ్యాక్టీరియా) టెస్ట్ ఆపొద్దు.

మన మనుషుల నుంచి ఐపీఎస్ చేస్తున్నావు కాబట్టి ఇంకొక మాట. పోలికకి హెచ్9 ఒక్కటే సరిపోదు. బెంగళూరు జేఎన్‌సీఏఎస్‌ఆర్ పరిశోధన సంస్థలో ఇక్కడి పిండాల నుంచి తీసిన బీజేఎన్‌హెచ్ఈఎం19, బీజేఎన్‌హెచ్ఈఎం20 లైన్లున్నాయి, అవి దొరుకుతాయేమో మీ మేడమ్‌ని అడిగించు. ఐసీఎంఆర్ (వైద్య పరిశోధన మండలి), డీబీటీ (కేంద్ర బయోటెక్నాలజీ విభాగం) 2017 మార్గదర్శకాల ప్రకారం మీ సంస్థలోని మూలకణ పరిశోధన కమిటీ అనుమతి చేతికి రాకుండా ఒక్క వయల్ కూడా తెప్పించకు.

ఇంత జాగ్రత్త ఎందుకంటావేమో. 2014లో కోబెలో మసయో తకహషి (పైన చెప్పిన తకహషి కాదు, వేరే ఆవిడ) బృందం ఒక పెద్దావిడ చర్మం నుంచి ఐపీఎస్ చేసి, దాంతో రెటీనా పొర పెంచి ఆవిడ కంట్లోనే అమర్చింది. రెండో పేషెంట్ కోసం తయారైన కణాల్లో జన్యు మార్పులు కనపడేసరికి ఆపరేషన్ ఆపేశారు. ఆ మార్పులు వెతికి పట్టుకున్న వాళ్లు నీలాగే ప్లేట్ల ముందు కూర్చునేవాళ్లే కదా.

లైన్ల లిస్టు ఒకటి రాసి పంపించు: దాత ఎవరు, వయసు ఎంత, ఆడా మగా, ఏ కణం నుంచి చేశారు, ఏ పాసేజ్‌లో ఉంది. మీ గైడ్ మీటింగ్‌కి ముందే చూసి చెప్తాను.

బాబాయ్