ఏ పచ్చ? ఆకుపచ్చా, పసుపుపచ్చా?

ప్రశ్న: మా బాబుకి మూడున్నరేళ్లు. ఏ రంగు చూపించినా ‘ఎరుపు’ అంటాడు. గోడకి చార్టు అంటించి రోజూ చదివిస్తున్నాం. కంటి లోపమేమోనని భయంగా ఉంది. – ఒక తల్లి, ఖమ్మం

జవాబు: రంగు కనబడటం వేరు, పేరు చెప్పడం వేరు. ముందు ఆ రెండూ విడదీసి చూడండి. ఒకే సైజు బట్టల క్లిప్పులు ఎరుపు, ఆకుపచ్చ, పసుపు, నీలం నాలుగేసి తీసుకుని కుప్ప పోయండి. నాలుగు గిన్నెల్లో తలా ఒక రంగు క్లిప్పు వేసి, ‘దీని జోడీలన్నీ ఇందులో వెయ్యి నాన్నా’ అనండి. రంగు పేరు మాత్రం ఎత్తొద్దు. తడబడకుండా వేస్తే కళ్లు బాగానే ఉన్నట్టు, రావాల్సింది మాటలే. ఈ వయసులో పేర్లు తారుమారు కావడం మామూలే. నాలుగు దాటాక కూడా ఎరుపు, ఆకుపచ్చ క్లిప్పులు కలిపేస్తుంటే కంటి డాక్టరుకి చూపించండి. ఈ రెండు రంగుల తికమక మగపిల్లల్లోనే ఎక్కువ.

చార్టు తీసేసినా నష్టం లేదు. ‘ఎర్ర బంతి తీసుకో’ అనే బదులు ‘ఈ బంతి చూడు, ఎర్రగా ఉంది’ అనండి. వస్తువు మీద చూపు నిలిచాక రంగు పేరు చెవిన పడాలి.

ఇంకో చిక్కు మన భాషలోనే ఉంది. పచ్చని చెట్టూ పచ్చే, పచ్చకామెర్లూ పచ్చే. నాయనమ్మ పసుపు చొక్కాని ‘పచ్చ చొక్కా’ అంటుంది, మీరు ఆకు చూపించి ‘పచ్చ’ అంటారు. సందర్భాన్ని బట్టి పెద్దలం సర్దుకుంటాం, పిల్లాడికి అదెలా సాధ్యం? ఒక పసుపు కొమ్మూ కరివేపాకు రెబ్బా పక్కపక్కన పెట్టి ‘పసుపు’, ‘ఆకుపచ్చ’ అని మాత్రమే చెప్పండి. ఉత్త ‘పచ్చ’ని కొన్నాళ్లు ఇంట్లో ఎవరూ వాడొద్దు.

ప్రశ్న: గ్లాసుల మధ్య టిష్యూ పేపరు వేసి రంగునీళ్లు నడిపించే ఆట పెట్టాం. రెండు గంటలైనా నీళ్లు ఎక్కలేదు. ఎక్కినచోట ఊదా రావాల్సింది, బురద రంగు వచ్చింది. – అంగన్‌వాడీ టీచర్, నల్గొండ జిల్లా

జవాబు: ఇవి రెండు వేర్వేరు తప్పులు. నీళ్లు ఎక్కకపోవడానికి కారణం గ్లాసులు సగమే నింపడం. నీరు కాగితంలో అంచు దాకా పాకితేనే అవతలికి దిగుతుంది. పొట్టి టీ గ్లాసులు తీసుకుని, అంచుకి వేలెడు కింద దాకా నింపండి. కిచెన్ టిష్యూని పొడవునా మడిచి రెండు వేళ్ల వెడల్పు చేయండి. రెండు కొసలూ గ్లాసు అడుగుకి తగలాలి, కానీ పైన గోపురంలా లేవకూడదు, ఎక్కువుంటే కత్తిరించండి. హోటళ్లలో ఇచ్చే పల్చటి టిష్యూ నీరు పీల్చదు. దానికన్నా పాత నూలు పంచె పేలిక నయం. కొత్త గుడ్డకి గంజి ఉంటుంది కాబట్టి వద్దు. పేలికని ముందే తడిపి పిండి వేస్తే రంగు త్వరగా నడుస్తుంది. మూడేళ్ల పిల్లలు రెండు గంటలు కూర్చోరు కదా!

ఇక బురద సంగతి. బజార్లో దొరికే ఎరుపు ఫుడ్ కలర్‌లో చాలాసార్లు కొంచెం పసుపు ఛాయ ఉంటుంది. అందులో నీలం కలిస్తే మూడు రంగులూ కలిసినట్టే, ఫలితం గోధుమరంగు. అందుకే ఏడు గ్లాసులు ఇలా పేర్చండి: ఎరుపు, ఖాళీ, పసుపు, ఖాళీ, నీలం, ఖాళీ, గులాబీ. ఎరుపు-పసుపు నడుమ నారింజ, పసుపు-నీలం నడుమ ఆకుపచ్చ, నీలం-గులాబీ నడుమ ఊదా వస్తాయి. పసుపు బలహీనం, నీలం మింగేస్తుంది. పసుపు ఎనిమిది చుక్కలు వేస్తే నీలం మూడు చాలు. హోలీ రంగులు వాడొద్దు, చేతులు నోట్లో పెట్టుకునే వయసు.

డబ్బు పెట్టకుండా చేయాలంటే పది శంఖు పూలు గ్లాసెడు వేడినీళ్లలో ఐదు నిమిషాలు నానబెట్టండి. నీలం దిగుతుంది. చల్లారాక నిమ్మరసం చుక్కలు పిల్లల చేతనే వేయించండి, చూస్తుండగానే ఊదా, ఆ తర్వాత గులాబీ. పసుపు నీళ్లలో చిటికెడు వంటసోడా వేస్తే ఎర్రబడుతుంది. దానికి సున్నం వాడతారు గానీ పిల్లల దగ్గరికి రానివ్వకండి, కంట్లో పడితే కాలుతుంది.

ప్రశ్న: మధ్యాహ్నం ఎండలో బాల్కనీలో స్ప్రే కొట్టాను, సింగిడి రాలేదు. పైగా పాప తడిసింది. – హైదరాబాద్

జవాబు: సూర్యుడు నడినెత్తినుంటే కష్టం. హరివిల్లు మన తల నీడ చుట్టూ సుమారు 42 డిగ్రీల దూరంలో వంపు తిరుగుతుంది. మీ నీడ మీకన్నా పొడుగ్గా ఉన్నప్పుడే ప్రయత్నించండి. ఉదయం ఎనిమిదిలోపు, సాయంత్రం నాలుగున్నర తర్వాత అయితే సులువు. ఎండ వీపున పడాలి, పాప తన నీడనే చూస్తూ నిలబడాలి. మొక్కలకి కొట్టే సీసా మూతిని మంచులా వచ్చేదాకా తిప్పండి, ధారగా పడితే రాదు. వెనక చెట్టో ముదురు రంగు తలుపో ఉండాలి, తెల్లగోడ ముందు రంగులు వెలిసిపోతాయి.

ఒకటి మరవొద్దు. మీ కంటికి కనబడే విల్లు వేరు, పాపది వేరు. మీరు నిలబడి ‘అదిగో’ అంటే తనకి ఉత్త నీళ్లే కనిపించొచ్చు. మోకాళ్ల మీద కూర్చుని, తన కంటి ఎత్తులో కొట్టండి.

ప్రశ్న: ఎల్‌కేజీలో ఏడు రంగులూ వరసగా చెప్పమంటున్నారు. మా వాడికి ఐదే కనిపిస్తున్నాయట. – విజయవాడ

జవాబు: న్యూటన్ కూడా మొదట ఐదే లెక్కపెట్టాడు. సంగీతంలో స్వరాలు ఏడు కదా అని తర్వాత నారింజ, ఇండిగో చేర్చాడు. విల్లు గీసేటప్పుడు బయటి అంచు ఎరుపు, లోపలి అంచు ఊదా పెట్టనివ్వండి. మిగతావి వాడికి కనబడినన్ని.