పెళ్లి కాలేదని గైనిక్ ఓపీకి వెళ్లడం మానేస్తారా?

ప్రశ్న: నాకు 20 ఏళ్లు. హైదరాబాద్‌లో హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదువుతున్నాను. నెల రోజులుగా తెల్లబట్ట అవుతోంది, దురద, వాసన కూడా. మెడికల్ షాపులో మాత్రలు తెచ్చుకుని వేసుకున్నా తగ్గలేదు. పైగా పీరియడ్ 10 రోజులు దాటింది. ఒకరితో రిలేషన్‌లో ఉన్నాను. ఆస్పత్రికి వెళ్తే పెళ్లయిందా అని అడుగుతారని, ఇంట్లో చెప్పేస్తారని భయం.

జవాబు: ముందు ఇవాళే ప్రెగ్నెన్సీ టెస్ట్ చేసుకోండి. కిట్ ఏ మెడికల్ షాపులోనైనా దొరుకుతుంది, చీటీ అడగరు. అది తేలకుండా ఇంకే మాత్రా వేసుకోకండి, తెల్లబట్టకు షాపుల్లో ఇచ్చే వాటిలో గర్భిణులు వాడకూడనివీ ఉంటాయి. నెగెటివ్ వచ్చినా పీరియడ్ రాకపోతే వారం ఆగి మళ్లీ చేసుకోండి.

తెల్లబట్ట అంటే ఒకటే జబ్బు కాదు. విరిగిన పాలలా గడ్డలుగా పడుతూ దురద పెడితే చాలావరకు ఫంగస్, పలుచగా చేపల వాసనతో ఉంటే బ్యాక్టీరియా, పసుపుపచ్చ నురగలా వస్తే ట్రైకోమోనాస్ (కలయికతో అంటుకునే పరాన్నజీవి) అనుకుంటాం. మూడింటికీ మందులు వేరు, ఆఖరిదైతే అతనూ వాడాలి, లేదంటే మళ్లీ మీకే అంటుకుంటుంది. లోపల సబ్బుతో కడుగుతుంటే ఆపేయండి.

ఇక మీ అసలు టెన్షన్. పెళ్లయిందా అని అడుగుతారు, అడగరని అబద్ధం చెప్పను. నిజానికి డాక్టర్లుగా మాకు కావాల్సింది కలయిక జరిగిందా, చివరి పీరియడ్ ఎప్పుడు అన్నది. ఆ మాట నేరుగా అడగడానికి మొహమాటపడి మావాళ్లు పెళ్లిని అడ్డం పెట్టుకుంటారు, తప్పు మాదే. "పెళ్లి కాలేదు, కానీ కలిశాం" అని మీరే చెప్పేయండి. పక్కన వేరే పేషెంట్లుంటే వాళ్లు వెళ్లాక మాట్లాడతాననండి. 18 దాటాయి కాబట్టి ఇంట్లోవాళ్ల సంతకం అక్కర్లేదు, మిమ్మల్ని అడగకుండా వాళ్లకు చెప్పే హక్కూ మాకు లేదు.

టెస్ట్ పాజిటివ్ వస్తే యూట్యూబ్ చూసి మాత్రలు మింగొద్దు. గర్భస్రావ చట్టంలో భర్త అన్న చోట 2021 సవరణ భాగస్వామి అని మార్చింది, అంటే పెళ్లి కాకపోయినా వర్తిస్తుంది, 20 వారాల దాకా ఒక డాక్టర్ అభిప్రాయం, మీ సమ్మతి చాలు. మీ పేరు బయటపెట్టిన డాక్టర్‌కు ఏడాది దాకా జైలు పడొచ్చు. (18 లోపు పిల్లలకైతే గార్డియన్ సమ్మతి కావాలి, పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కింద పోలీసులకు తెలపాలి, అమ్మాయి, గార్డియన్ కోరితే అక్కడ ఆమె పేరు చెప్పనక్కర్లేదని 2022లో సుప్రీంకోర్టు అంది.)

ఖర్చు గురించి ఆలోచిస్తుంటే పేట్లబుర్జు, సుల్తాన్‌బజార్ ప్రభుత్వ ప్రసూతి ఆస్పత్రులున్నాయి. హెచ్‌ఐవీ పరీక్ష ప్రభుత్వ ఐసీటీసీల్లో (కౌన్సెలింగ్, పరీక్షా కేంద్రాలు) ఉచితం, ఫోన్‌లో అడగాలంటే 1097. జ్వరంతో పొత్తికడుపు నొప్పి వచ్చినా, ఒక పక్క గట్టిగా నొప్పి మొదలై కళ్లు తిరిగినా మాత్రం ఓపీ టైమ్ కోసం చూడకుండా ఆ గంటలోనే క్యాజువాలిటీకి వెళ్లండి, తోడుగా హాస్టల్‌లో ఎవరో ఒక ఫ్రెండ్‌కు ఇప్పుడే చెప్పి ఉంచండి.